సద్ది మూటతో పాటు సబ్బుబిళ్ల

కరోనా వచ్చిపోయిన తర్వాత మన కార్లలో ఒక కొత్త వస్తువు స్థిరపడిపోయింది. గేరు పక్కన చిన్న శానిటైజర్ సీసా. ఇంటిల్లిపాదీ బండెక్కగానే తలా రెండు చుక్కలు చేతుల్లో వేసుకుంటారు, సీట్ల మీద ఏదో స్ప్రే కొడతారు, ఇక క్రిములన్నీ బయటే ఉండిపోయాయన్న ధీమాతో బయల్దేరతారు. నర్మెట్ట నుంచి కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయినా, జనగామ మీదుగా రామప్ప, లక్నవరం, మేడారం, కాళేశ్వరం దాకా పోయినా ఇదే తీరు. ఈ జాగ్రత్తను తప్పుపట్టాల్సిన పని లేదు. అయితే మనం కాపలా పెట్టింది ముందు తలుపుకు, దొంగ వస్తున్నది పెరటి తలుపు నుంచి. ప్రయాణాల్లో తరచుగా పట్టుకునే జబ్బు వాంతులు, విరేచనాలు. అది నోటి నుంచే లోపలికి పోతుంది. చేతులు, నీళ్లు, తిండి దాన్ని మోసుకొస్తాయి. కాబట్టి దారిలో శుభ్రత అన్నప్పుడు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటే: తినే ముందు, మరుగుదొడ్డికి పోయొచ్చిన తర్వాత, పారే నీళ్ల కింద సబ్బుతో చేతులు కడుక్కునే వీలు ఉందా లేదా? ఆ వీలు బండిలో పెట్టుకోవడం కుటుంబం పని. దారి పొడవునా కల్పించడం ప్రభుత్వం పని. ప్రస్తుతం రెండు చోట్లా ఆ పని సరిగా జరగడం లేదు.

గత్తర (కలరా), టైఫాయిడ్, జిగట విరేచనాలు, పచ్చకామెర్లలో హెపటైటిస్ ఏ, ఈ రకాలు, చంటిపిల్లలను పట్టే రోటా వైరస్, ఇల్లంతటినీ ఒక్క రాత్రిలో వాంతులతో కుదిపేసే నోరో వైరస్, వీటన్నిటి నడకా ఒకటే. ఒకరి మలంలోని క్రిమి ఇంకొకరి నోటికి చేరుతుంది. మధ్యలో దాన్ని చేరవేసేవి చేతులు, ఈగలు, బిందెలో ముంచిన చెంబు, వడ్డించే గరిటె. నోరో వైరస్ సోకడానికి కొన్ని పదుల కణాలు చాలు, కంటికి కనిపించే మురికి ఉండనక్కర్లేదు. ఇక్కడే మనం మోసపోతాం. చేయి తెల్లగా కనిపిస్తే శుభ్రంగా ఉన్నట్టే అనుకుంటాం. పైగా జబ్బు వెంటనే బయటపడదు. నోరో వైరస్ 12 నుంచి 48 గంటల్లో తెలుస్తుంది గానీ, టైఫాయిడ్‌కు సాధారణంగా వారం, రెండు వారాలు పడుతుంది. హెపటైటిస్ ఏ సోకితే కళ్లు పచ్చబడేసరికి దాదాపు నెల గడుస్తుంది. అప్పటికి జాతర ముచ్చట్లు అయిపోయి ఉంటాయి, దారిలో తాగిన చెరుకురసం ఎవరికీ గుర్తుండదు. "కొత్త నీళ్లు పడలేదు" అనో, "ఎండదెబ్బ" అనో సరిపెట్టుకుంటాం. కారణం తెలియని తప్పును తర్వాతి ప్రయాణంలో మళ్లీ చేస్తాం.

శానిటైజర్ ఉంది కదా అనేవాళ్లకు సూటిగా చెప్పాల్సిన విషయాలు రెండున్నాయి. మొదటిది, అరవై శాతమో అంతకంటే ఎక్కువో ఆల్కహాల్ ఉన్న ద్రవం కరోనా, ఫ్లూ వంటి వైరస్‌ల మీద బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాటి చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని కరిగిస్తుంది. నోరో, రోటా, హెపటైటిస్ ఏ వైరస్‌లకు ఆ పొరే లేదు. నోరో మీదైతే శానిటైజర్ ప్రభావం చాలా తక్కువ. రెండోది, చేతికి మట్టి, నూనె, బెల్లం పాకం అంటి ఉంటే ఆల్కహాల్ చర్మం దాకా పోనే పోదు. జాతరకు పోయినవాళ్ల చేతులు సరిగ్గా అలాగే ఉంటాయి. సబ్బు క్రిమిని చంపినా చంపకపోయినా చర్మం మీది నుంచి ఊడదీస్తుంది, పారే నీళ్లు దాన్ని కొట్టుకుపోతాయి. ఇరవై సెకన్లు రుద్దితే చాలు. సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు వల్ల విరేచనాలు దాదాపు 30 శాతం తగ్గుతాయని వేర్వేరు దేశాల్లో జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలు తేల్చాయి. పది రూపాయల సబ్బుబిళ్లకు ఇంత ఫలితమంటే, మందుల దుకాణంలో దీనికి సాటి రాగల వస్తువులు ఎక్కువ లేవు. అందులోనూ మనం చేత్తో కలుపుకొని తినేవాళ్లం. చెంచాతో తినేవాళ్లకంటే ఈ లెక్క మనకే ఎక్కువ వర్తిస్తుంది.

మన ప్రాంతంలో కుటుంబ ప్రయాణం గురించి మాట్లాడుతూ మేడారం గురించి మాట్లాడకుండా ఉండలేం. రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళ, నాలుగు రోజుల్లో కోటి మందికి పైగా వస్తారని అధికారులు లెక్కకట్టే సమ్మక్క తల్లి జాతర అది. 1996లో రాష్ట్ర పండుగ అయింది. 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న ఆ అడవి ఊరికి జనగామ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద హనుమకొండ, ములుగు దాటి, గట్టమ్మ తల్లికి మొక్కి, పస్రా దగ్గర మళ్లుతారు. మహబూబాబాద్ వైపు వాళ్లు నర్సంపేట మీదుగా వచ్చి కలుస్తారు. ఒకప్పుడు ఎడ్లబండ్లు, ఇప్పుడు కార్లు, ఆటోలు, డీసీఎంలు, ట్రాక్టర్లు. బండి మారింది గానీ అక్కడికి చేరాక చేసే పనులు మారలేదు: జంపన్న వాగులో స్నానం, గద్దెల దగ్గర నిలువెత్తు బంగారం సమర్పించడం, అంటే బెల్లం, తర్వాత చెట్ల కింద కోడినో మేకనో కోసి వండుకొని తినడం. ఈ మూడు పనుల్లోనూ చేతులదే ప్రధాన పాత్ర.

కోడి కోసే చోటును కొంచెం నిదానంగా చూద్దాం. పచ్చి కోడిమాంసం మీద సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే క్రిములు సాధారణంగా ఉంటాయి. బాగా ఉడికితే చస్తాయి, కాబట్టి కూరతో భయం లేదు. భయమంతా కూర పక్కన ఉన్నవాటితో. కోడిని కోసిన కత్తితోనే ఉల్లిగడ్డ చక్రాలు తరుగుతారు, ఆ ఉల్లిగడ్డ పొయ్యి మీదికి పోదు, నేరుగా నోట్లోకి పోతుంది. బొచ్చు పీకిన చెయ్యిని నీళ్లతో ఊరికే తడిపి తుడుచుకుంటారు, అదే చేత్తో పిల్లకు బెల్లం ముక్క పెడతారు. ఒక కత్తి మాంసానికి, ఒక కత్తి ఉల్లిగడ్డకు పెట్టుకుంటే, మాంసం ముట్టుకున్నవాళ్లు సబ్బుతో కడుక్కున్న తర్వాతే వేరే పని ముట్టుకుంటే, ఈ ప్రమాదంలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. దీనికి కొత్త సామాను ఏమీ అక్కర్లేదు, బయల్దేరేటప్పుడు ఇంకో కత్తిపీట సంచిలో వేసుకుంటే చాలు.

జంపన్న వాగు గురించి మాట్లాడేటప్పుడు భక్తి ప్రస్తావన తప్పక వస్తుంది. వాగు స్నానాన్ని ప్రశ్నించడం నా ఉద్దేశం కాదు. కాకతీయ సేనతో పోరాడి ఆ వాగులో ప్రాణం విడిచిన జంపన్నను తలుచుకొని మునిగేవాళ్ల నమ్మకం చాలా లోతైనది. అయితే జాతర కోసం లక్నవరం చెరువు నుంచి వదిలే నీళ్లలో లక్షల మంది ఒకేసారి మునుగుతారు. ఆ నీళ్లు పుక్కిలించినా, పిల్లలు ఆటల్లో మింగినా ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వాగు ఒడ్డున అధికారులు వరుసగా నల్లాలు పెడుతున్నారు. వాగులో మునిగి, నల్లా కింద మరోసారి తలారా పోసుకుంటే మొక్కు తీరుతుంది, ఒళ్లూ శుభ్రపడుతుంది. చంటిపిల్లలకు నల్లా నీళ్లు నెత్తిన చల్లితే చాలు. తల్లి సమ్మక్క ఆ మాత్రానికి కోపగించుకుంటుందని ఎవరూ అనుకోరు.

నీళ్ల విషయంలో మనవాళ్లు అంతగా పట్టించుకోని పొరపాటు ఒకటుంది. ఊళ్లోని వాటర్ ప్లాంట్ నుంచి ఇరవై లీటర్ల క్యాన్ పట్టుకొని పోతే చాలు, ఇక అది మంచినీళ్లే అనుకుంటాం. ఆర్వో యంత్రం లవణాలను, క్రిములను వడకట్టే మాట నిజమే. కానీ అలా వచ్చిన నీళ్లలో క్లోరిన్ మిగలదు. మిషన్ భగీరథ వంటి సరఫరా నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన తాగునీటి ప్రమాణం చెబుతుంది, తర్వాత ఎక్కడైనా క్రిమి కలిస్తే అది అడ్డుకుంటుందని. ఆర్వో క్యాన్‌కు ఆ రక్షణ లేదు. మూత తీసి ఎవరో చెయ్యి పెట్టి గ్లాసు ముంచితే, ఆ క్షణం నుంచి అది అందరి చెయ్యీ పడిన నీళ్లే. అందుకే అడుగున నల్లా ఉన్న క్యాన్ కొనుక్కోవడం ఈ వ్యాసంలో చెప్పే సలహాలన్నిటిలోకీ విలువైనదని నా అభిప్రాయం. ఒకటి తాగడానికి, ఒకటి చేతులకు. చేతులు కడుక్కోవడానికి మనిషికి ఒకసారికి లీటరు కూడా పట్టదు. ఐదుగురున్న కుటుంబం నాలుగుసార్లు ఆగినా ఇరవై లీటర్లతో గడుస్తుంది. క్యాన్ అయిపోయి దారిలో నింపుకోవాల్సి వస్తే, తాగేవాటిని తెర్లేలా ఒక నిమిషం కాచడమో, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగడమో చేయాలి. ఇంట్లో ఇంత జాగ్రత్త పడి, ఎండకు తట్టుకోలేక దారి పక్కన ఐసు వేసిన రసం తాగితే మాత్రం పడిన శ్రమంతా వృథా. ఐసుగడ్డ ఏ నీళ్లతో తయారైందో అమ్మేవాడికి కూడా తెలియదు.

తిండి విషయంలో మన పెద్దవాళ్లకు శాస్త్రం పేరు తెలియదు గానీ శాస్త్రం తెలుసు. దూర ప్రయాణానికి వాళ్లు కట్టిన సద్ది చూడండి: చింతపండు పులుసు పట్టించిన పులిహోర, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, సకినాలు, మురుకులు. తడి లేని వాటిలో క్రిములు పెరగలేవు. పులుపు ఎక్కువైన వాటిలో కూడా చాలావరకు పెరగలేవు. తెల్లన్నం అట్లా కాదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తనాలు ఉడికినా చావవు. వండిన అన్నం ఎండలో నిలిచిన కారు డిక్కీలో మూత బిగించి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వండిన పదార్థం రెండు గంటలకు మించి గోరువెచ్చగా ఉండకూడదన్న నియమం అందుకే. పప్పు, పాలతో చేసినవి, మసాలా కూర ఇంట్లో వండి మధ్యాహ్నం దాకా మోసుకుపోయే బదులు, పొద్దున పులిహోర, రొట్టెలు కట్టుకొని, మధ్యాహ్నం ఎక్కడైనా పొగలు కక్కే తిండి తినడం మేలు. రద్దీ ఉన్న హోటల్ ఎంచుకోవడం కూడా తెలివైన పని, అక్కడ వండింది వండినట్టే అయిపోతుంది.

కారు లోపలి గాలి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఏసీలో లోపలి గాలినే తిప్పే మీట నొక్కి ఉంచితే ఒకరి దగ్గు అందరికీ అందుతుంది. బయటి గాలి తీసుకునే మీటకు మార్చడం, గంటకోసారి అద్దాలు దింపడం, దగ్గుతున్నవాళ్లకు మాస్కు ఇవ్వడం, అంతే. సీట్ల మీద కొట్టే స్ప్రే కంటే ఇది నయం.

ఇంతవరకు చెప్పినదంతా కుటుంబం చేతిలో ఉన్నది. కుటుంబం చేతిలో లేనిది మరుగుదొడ్డి. దారిలో ఎక్కడా పోయే చోటు దొరకదేమోనన్న భయంతో మన ఆడవాళ్లు బయల్దేరే ముందురోజు నుంచే నీళ్లు తగ్గిస్తారు, గంటల తరబడి ఆపుకుంటారు. మూత్రనాళంలో క్రిములు పెరగడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి లేదు. నెలసరి రోజుల్లో బాధ ఇంకా ఎక్కువ. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ల ప్రయాణాలు ఎంత పెరిగాయో అందరం చూస్తున్నాం. టికెట్టు లేకుండా ప్రయాణం ఇచ్చిన ప్రభుత్వం ఆ ప్రయాణం మధ్యలో గౌరవంగా దిగే చోటు కూడా ఇవ్వాలి. చమురు కంపెనీల నియమావళి ప్రకారం పెట్రోలు బంకుల్లో శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు ఉండాలి. టోల్ కట్టే రహదారి మీద ప్రయాణికుడు ఈ సదుపాయాన్ని అడిగి తీసుకోవాలి, తాళం వేసి ఉంటే తీయమనాలి. అడగడానికి మొహమాటపడి గుట్టల చాటుకు పోవడం వల్ల, మన తర్వాత అదే చోట ఆగిన కుటుంబం తిండి మీద వాలే ఈగలకు మనమే మేత వేసినవాళ్లమవుతాం.

ఈ మాటలకు రెండు అభ్యంతరాలు తప్పకుండా వస్తాయి. మొదటిది: "మా తాతలు ఎడ్లబండ్ల మీద వారం రోజులు పోయొచ్చిండ్రు, వాగు నీళ్లే తాగిండ్రు, వాళ్లకేం కాలే." ఏమీ కాని తాతలు మాత్రమే ఆ కథ చెప్పడానికి మిగిలారన్నది దీనికి జవాబు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి పుట్టుకకు 1813 నాటి గత్తరే కారణమని ఆ గుడి చరిత్ర చెబుతుంది. మన ఊళ్లలో పోచమ్మకు, మహంకాళికి మొక్కిన మొక్కుల వెనక ఉన్నది ఇలాంటి జబ్బుల భయమే. 1867లో హరిద్వార్ కుంభమేళాలో పుట్టిన కలరా, ఇళ్లకు తిరిగిపోతున్న యాత్రికుల వెంట ఉత్తర భారతమంతా పాకింది. కలరా క్రిమిని 1884లో రాబర్ట్ కోచ్ తేల్చింది కలకత్తాలో; జనం స్నానం చేసి, బట్టలుతికి, తాగడానికి కూడా వాడుకునే ఒక చెరువు నీళ్లలో కూడా అది ఆయనకు దొరికింది. ఆనాటి వాళ్లకు సమస్య ఏమిటో తెలియదు, మనకు తెలుసు. తెలిసి కూడా వాళ్లలాగే ఉంటామనడం వాళ్లను గౌరవించడం కాదు.

రెండో అభ్యంతరం కాస్త చదువుకున్నది. పిల్లలు కొంచెం మురికిలో పెరిగితేనే రోగనిరోధక శక్తి వస్తుంది, అతి శుభ్రత వల్లే అలర్జీలు పెరిగాయి అంటారు. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే పరిశోధకుడు మొదలుపెట్టిన చర్చ అది, అందులో కొంత నిజముంది. తోబుట్టువుల మధ్య, పశువుల కొట్టంలో, పొలం మట్టిలో పెరిగిన పిల్లలకు కొన్ని అలర్జీలు తక్కువ. నర్మెట్ట పిల్లలకు ఆ మట్టి రోజూ ఉంది, దాన్ని ఎవరూ కడిగేయమనడం లేదు. కానీ మట్టిలో ఆడుకోవడం వేరు, పరాయి మనిషి మలంలోని టైఫాయిడ్ క్రిమిని మింగడం వేరు. రెండోదాని నుంచి ఏ పిల్లకూ బలం రాదు.

ఇంకొక మాట డబ్బు గురించి. ట్రాక్టర్‌లో ఇరవై మంది ఎక్కి పోయే కుటుంబాలకు ఇవన్నీ కుదురుతాయా అంటారు. నల్లా క్యాన్, సబ్బుబిళ్ల, రెండో కత్తి, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు కలిపినా ఆస్పత్రిలో ఒక్క రాత్రి ఎక్కించే సెలైన్ ఖర్చు కాదు. ఓఆర్ఎస్ విషయం మాత్రం జాగ్రత్తగా వినాలి. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి కలరా మరణాలను నూటికి 30 నుంచి నాలుగు లోపుకు దించారు. అంత శక్తి ఉన్న మందు పేరును తీపి పానీయాల డబ్బాల మీద వేసి అమ్ముతుంటే, హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ వాడకాన్ని నిషేధించింది. కాబట్టి మందుల దుకాణంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ చూసి కొనాలి, పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసులో సగం సగం కలపకూడదు. పిల్ల మగతగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంటికి చేరేదాకా ఆగొద్దు. హనుమకొండ అయినా, ములుగు అయినా, భూపాలపల్లి అయినా దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి మళ్లాలి.

మన శుభ్రత ఇంకొకరి ఊరిని మురికి చేసేది కాకూడదు. మేడారంలో నాలుగు రోజులు ఉండి మనం వచ్చేస్తాం. మనం వదిలిన నీళ్ల సీసాలు, డైపర్లు, తడి టిష్యూలు, కోడి బొచ్చు అక్కడి కోయ గూడేల మధ్య, ఏటూరునాగారం అడవి అంచున మిగిలిపోతాయి. తడి టిష్యూల్లో చాలావాటిలో ప్లాస్టిక్ నార ఉంటుంది, మట్టిలో కలవదు. తల్లుల ఇంటికి పోయి ఆ తల్లుల బిడ్డల నీళ్లు పాడుచేసి రావడాన్ని ఏ మొక్కూ కడగలేదు. డైపర్లను మూటగట్టి తిరిగి తెచ్చుకోవడానికి బండిలో ఒక మూల చాలు.

2025 మేలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల దారులన్నీ మళ్లీ నిండుతాయి. ఈసారి ఏర్పాట్ల సమీక్షల్లో ఎన్ని మరుగుదొడ్లు కట్టారన్న లెక్కతో సరిపెట్టొద్దు. ఒక్కో మరుగుదొడ్డి వరుస పక్కన సబ్బుతో కూడిన నల్లా ఉందా, ఆడవాళ్లకు విడిగా గడియ పడే తలుపు ఉందా, వాడిన ప్యాడ్లు వేసే డబ్బా ఉందా, ట్యాంకర్ నీళ్లలో క్లోరిన్ మిగిలిందో లేదో పూటకోసారి పరీక్షించి ఆ అంకెను బోర్డు మీద రాస్తున్నారా, ఈ నాలుగూ అడగాలి. జాతీయ రహదారి మీద జనగామ నుంచి ఏటూరునాగారం దాకా, గోదావరి వైపు పరకాల, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం దాకా, పాతిక కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఇలాంటి చోట్లు ఉండాలి. వాటిని కడిగే బాధ్యత దగ్గరి గ్రామపంచాయతీకో మహిళా సంఘానికో అప్పగించి, నెలనెలా జీతం ఇచ్చి, ఎవరి బాధ్యతో వాళ్ల ఫోన్ నంబరు తలుపు మీద రాయించాలి. పుష్కరాల పన్నెండు రోజుల కోసం రేకులతో కట్టి పదమూడో రోజున విప్పేసేవి వద్దు. కొమురవెల్లికి ప్రతి ఆదివారం పోయే కుటుంబానికీ, పంట అమ్మడానికి జనగామ మార్కెట్‌కు వచ్చే ఆడమనిషికీ అవి ఏడాది పొడవునా కావాలి.